నడుము నొప్పి వెనుక దాగి ఉండే క్షయ

నడుము నొప్పి ఎరుగనివారు మన ఊళ్ళలో అరుదు. నాట్లు వేసేవారికి, బస్తాలు మోసేవారికి, రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునేవారికి ఎప్పుడో ఒకప్పుడు వస్తూనే ఉంటుంది. అప్పుడు ఏం చేస్తాం? వేడినీళ్ళ కాపడం పెడతాం, ఏదో ఒక మందు రాస్తాం, ఎదురుకాళ్ళతో పుట్టినవారు దగ్గరలో ఉంటే పిలిచి నడుము తొక్కించుకుంటాం. కండరాలు పట్టేయడం వల్ల వచ్చిన నొప్పి చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది కాబట్టి తొక్కినవారికి మంచి పేరు వస్తుంది. కాని ఆ నొప్పి వెన్నుపూసను లోపలినుంచి తినేస్తున్న క్షయ వల్ల వచ్చినదైతే, తొక్కినప్పుడు ఆ గుల్ల ఎముక కూలి, కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది.

క్షయ అనగానే మనకు దగ్గు, కఫంలో రక్తం గుర్తుకు వస్తాయి. ఊపిరితిత్తుల్లోకి చేరిన క్షయ క్రిములు రక్తం ద్వారా ఎముకలకు కూడా చేరగలవు. ఎముకలకు, కీళ్ళకు వచ్చే క్షయలో దాదాపు సగం వెన్నెముకదే. సాధారణంగా పక్కపక్కనే ఉన్న రెండు పూసలు, వాటి మధ్య మెత్తలా ఉండే డిస్కు దెబ్బతింటాయి. పూస ముందుభాగం కరిగి కూలితే వీపు ముందుకు వంగి గూని తేలుతుంది. చీము వెనుక ఉన్న వెన్నుపామును ఒత్తితే కాళ్ళలో బలం పోతుంది. మీ రిపోర్టులో 'పాట్స్ స్పైన్' అని రాసి ఉంటే అది ఈ జబ్బే. 1779లో దీన్ని వివరించిన లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్ పేరు దానికి పెట్టారు. క్షయ క్రిమిని రాబర్ట్ కోచ్ కనుగొన్నది 1882లో, అంటే ఆ తరువాత వందేళ్ళకు.

మామూలు నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఈ నొప్పి రాత్రిపూట కూడా వదలదు. వారాల తరబడి ఉంటూ మెల్లగా పెరుగుతుంది. సాయంత్రం సన్నని జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం తోడవుతాయి. అయితే జ్వరం లేదు కాబట్టి క్షయ కాదు అనుకోకండి, చాలామందికి నొప్పి ఒక్కటే ఉంటుంది. వెన్ను మీద ఒకేచోట వేలితో తడితే నొప్పి పుడితే డాక్టరుకు తప్పక చెప్పండి. గజ్జల్లోనో, నడుము పక్కనో వేడి, ఎరుపు లేని మెత్తని గడ్డ లేచినా అది వెన్నులోనుంచి జారిన చీము కావచ్చు. చిన్నపిల్లలు చెప్పలేరు. నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తారు, కింద పడిన వస్తువును నడుము వంచకుండా గొంతుకూర్చుని తీసుకుంటారు.

వీటన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఒకటుంది. నడుస్తూ ఉంటే కాలి చెప్పు జారిపోవడం, జారిన సంగతి తెలియకపోవడం. "కొత్త చెప్పులు కదా సిస్టర్, వదులుగా ఉన్నాయి" అంటారు. చెప్పులది కాదు తప్పు. కాళ్ళు బరువెక్కడం, బిగుసుకోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం జరిగితే వారం చూద్దాం అనుకోవద్దు, ఆ రోజే ఆసుపత్రికి రండి.

వెన్నెముక క్లినిక్కులో డాక్టరు ముందు మిమ్మల్ని నడిపించి చూస్తారు, వెన్ను పొడవునా తట్టుతారు, సుత్తితో మోకాళ్ళు కొడతారు, కాళ్ళకు దూది, సూది తగిలించి స్పర్శ తెలుస్తుందో లేదో అడుగుతారు. తరువాత రక్త పరీక్షలు, ఎక్స్‌రే. జబ్బు మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. ఎముక చాలావరకు కరిగితే గాని అందులో తెలియదు. అందుకే ఎక్స్‌రే బాగానే ఉన్నా నొప్పి తగ్గకపోతే ఎం.ఆర్.ఐ. అడుగుతారు. ఆ యంత్రంలో అరగంట పైనే కదలకుండా పడుకోవాలి. చప్పుడు ఎక్కువ, నొప్పి ఉండదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో లోహపు ముక్కలు ఉన్నా ముందే చెప్పండి.

ఎక్కువమంది వెనుకాడేది బయాప్సీ దగ్గర. "వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయట" అని భయపడి వెళ్ళిపోయేవారున్నారు. స్కానింగులో చూస్తూ ఆ సూదిని చెడిపోయిన ఎముకలోకి, చీములోకి పంపుతారు గాని వెన్నుపాములోకి కాదు. కాన్సర్, ఇతర క్రిముల వల్ల వచ్చే చీము కూడా స్కానింగులో కొన్నిసార్లు ఇలాగే కనిపిస్తాయి. పైగా మీకున్న క్రిమి మామూలు మందులకు లొంగేదా, మొండిదా అన్నది ఆ ముక్కను పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఏడాదిపాటు మింగబోయే మందు సరైనదో కాదో తేల్చే పరీక్ష ఇది. వీలైనంతవరకు మందులు మొదలుపెట్టకముందే చేయించుకోవాలి.

చికిత్సలో ముఖ్యమైనది మందులే. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తరువాత పది నెలలు మూడు రకాలు, రోజూ వేసుకోవాలి. అవసరమైతే డాక్టరు ఇంకా పొడిగిస్తారు. ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో ఇవి ఉచితం. పేరు నమోదైనవారికి పోషణ కోసం బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తారు. 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన ఈ సాయం 2024 నవంబరు నుంచి 1000 రూపాయలైంది. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారుపడకండి, అది మందు రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే వచ్చి చూపించండి. కుటుంబ నియంత్రణ మాత్రలు వాడే స్త్రీలు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, ఈ మందులతో ఆ మాత్రల పని తగ్గుతుంది. రెండు మూడు నెలలకు నొప్పి పోతుంది, సరిగ్గా అప్పుడే చాలామంది మందులు మానేస్తారు. నొప్పి పోయినా క్రిములు మిగిలే ఉంటాయి. మధ్యలో మానితే అవి మొండికెత్తుతాయి.

అందరికీ ఆపరేషన్ అవసరం లేదు. కాళ్ళ బలం తగ్గుతూ పోతుంటే, పూసలు నిలకడగా లేకపోతే, గూని పెరుగుతుంటే, లేదా మందులు పనిచేయకపోతే చేస్తారు. నరాల మీది ఒత్తిడి తీసివేసి, రాడ్లు, స్క్రూలతో వెన్నును నిలబెడతారు. ఆపరేషన్ చేసినా మందుల కోర్సు పూర్తిగా వాడాల్సిందే.

ఇంట్లో చూసుకునేవారికి ఒక మాట. రోగిని పక్కకు తిప్పేటప్పుడు భుజాలు, నడుము, కాళ్ళు ఒకేసారి, దుంగను దొర్లించినట్లు తిప్పాలి. ఒక్కరే చేయి పట్టి లాగకూడదు. కాళ్ళు పడిపోయినవారికి పుండు పడుతున్నా తెలియదు కాబట్టి రెండు గంటలకొకసారి పక్క మార్చండి. రోజూ నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి. స్పర్శ లేని కాళ్ళకు వేడినీళ్ళ సీసా పెట్టవద్దు, కాలి బొబ్బలెక్కినా వారికి తెలియదు. గుడ్డు, పప్పు, పాలు రోజూ ఉండాలి, పథ్యం అంటూ కడుపు మాడ్చవద్దు. ఊపిరితిత్తుల్లో జబ్బు లేకపోతే వెన్ను క్షయ ఇతరులకు అంటదు. కంచం, గ్లాసు వేరు పెట్టనక్కరలేదు, చంటిబిడ్డను దగ్గరికి రానివ్వకపోవడం అసలే వద్దు.

మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు పాత ఎం.ఆర్.ఐ. ఫిల్మ్, మందుల కార్డు మరచిపోకండి. పాతదాని పక్కన కొత్తది పెట్టి చూస్తేనే ఎముక మానుతోందా లేదా డాక్టరు చెప్పగలరు.