పొద్దున్నే మొరాయించే కారు



ఈవేళ కారు ఇంజను గురించి మాట్లాడతానంటే, "మనకెందుకమ్మా ఆ గొడవ, అది వారు చూసుకుంటారు గదా" అని మీలో కొందరైనా అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నదాన్నే. ఒక ధనుర్మాసంలో తిరుమల కొండ దిగివస్తూ ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

ఆ రాత్రి కొండమీదే బస చేశాం. బండి మంచులో ఆరుబయట ఉంది. తెల్లవారుజామున స్టార్టు చేస్తే గడగడ వణికింది, ఒకసారి ఆగిపోయింది కూడా. తిరుపతిలో ఇంటి దగ్గరా రోజూ అదే వరస. పది నిమిషాలకు దానంతటదే సర్దుకుంటుంది గనుక ఎవరమూ పట్టించుకోలేదు. 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కడానికి దాన్ని, దిగడానికి 1944 నాటి పాత రోడ్డును వాడుతున్నారు. ఆ పాత రోడ్డు మలుపుల్లో, పెట్రోలు కలిసివస్తుందని మావారు గేరు తీసి న్యూట్రల్‌లో వదిలారు. ఇంజను ఠక్కున ఆగింది. బ్రేకు రెండుసార్లు మామూలుగా పడింది. మూడోసారికి రాయిలాగా బిగుసుకుంది. స్టీరింగూ బరువెక్కింది. మావారు బలమంతా పెట్టి తొక్కి, చేతి బ్రేకు లాగి, ఎలాగో కొండ అంచున ఆపారు. వెనక సీట్లో పిల్లలు నిద్రలో ఉన్నారు. నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు.

బ్రేకు ఎందుకు బిగుసుకుందో తరువాత తెలిసింది. మన కాలికి సాయంగా బ్రేకును నొక్కే పరికరం ఇంజను గాలి పీల్చే శక్తితో పనిచేస్తుంది. ఇంజను ఆగితే అందులో మిగిలిన బలం ఒకటి రెండు తొక్కుళ్ళకే సరి. అందుకే వాలులో ఎప్పుడూ తక్కువ గేరులోనే దిగాలి. గేరులో ఉంటే చక్రాలే ఇంజనును తిప్పుతూ ఉంటాయి, అదే బండి వేగాన్నీ పట్టి ఉంచుతుంది.

మర్నాడు పదకొండు గంటలకు షెడ్డుకు తీసుకుపోయాం. మెకానిక్కు విని, చూచి, "బండికేం కాలేదుమ్మా, బంగారంలా ఉండాది" అన్నాడు. రాత్రంతా జ్వరంతో మూలిగిన పిల్లవాడు డాక్టరు ముందు గంతులేసినట్లయింది. అప్పుడు నాకు తట్టింది. "నాయనా, దీని జబ్బు పొద్దున చల్లగా ఉన్నప్పుడే. రాత్రికి ఇక్కడే ఉంచుకో, తెల్లారి నువ్వే స్టార్టు చేసి చూడు" అన్నాను. మర్నాడు పొద్దున అతనే ఫోను చేశాడు, "నిజమేనమ్మా, మిస్సింగ్ కొడతాండాది" అని.

చల్లని ఇంజనుకు ఈ బాధ ఎందుకంటే, పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. ఇడ్లీపాత్ర చల్లటి మూతకు ఆవిరి తగిలి నీటిచుక్కలైనట్లే, చల్లటి ఇంజను గోడలకు పెట్రోలు చెమ్మగా అంటుకుపోతుంది. మంటకు అందేది తక్కువ. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు తూకంలో 14.7 పాళ్ళ గాలి సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఇంకా ఎక్కువ కావాలి. పాత అంబాసిడరు, ఫియట్ కార్లలో అందుకే చోక్ లాగేవారు. చోక్ గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. ఇప్పటి కార్లలో ఆ పని కంప్యూటరు చేస్తుంది. కనుక చల్లగా స్టార్టు చేసినప్పుడు ఇంజను కాసేపు జోరుగా తిరిగి, తరువాత నెమ్మదిస్తే అది జబ్బు కాదు, కంగారు పడకండి. వణకడం, ఆగిపోవడమే జబ్బు.

మా బండిలో దొరికింది చిన్న రబ్బరు గొట్టానికి చీలిక. అక్కడినుంచి దొంగగాలి లోపలికి పోయేది. ఇంజను వేడెక్కాక పొగగొట్టంలోని సెన్సారు పనిచేయడం మొదలుపెట్టి, ఆ తేడా కనిపెట్టి పెట్రోలు పెంచేది, జబ్బు మరుగున పడేది. మన చిత్తూరు, తిరుపతి ఎండలకు రబ్బరు పెళుసెక్కి చీలడం వింత కాదు. ఇంజను దగ్గర బుస్సుమని చప్పుడు వస్తుంటే అనుమానించవలసిందే. ఎలుకలు కొరికిన వైర్లు, అరిగిన ప్లగ్గులు, గాలి లోపలికి వెళ్ళే దారిలో పేరుకున్న మసి, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు కూడా కారణాలే. ఇంజను నీటి వేడి చూచే సెన్సారు చెడిపోయి, చల్లగా ఉన్నా "వేడిగా ఉంది" అని చెబితే, కంప్యూటరు పెట్రోలు తగ్గించి పెడుతుంది. అప్పుడూ ఇదే వణుకు.

మరి మనం చేయగలిగినదేమిటి? పాలచీటీలాగా ఒక కాగితం పెట్టుకోండి. బండి ఎన్ని గంటలు నిలిచి ఉంది, ఎంతసేపు వణికింది, పొగ వచ్చిందా, ఏ రంగు, మీటరు దగ్గర ఇంజను దీపం వెలిగిందా, ప్లగ్గులు ఎప్పుడు మార్చారు, ఇవన్నీ రాయండి. "బండి బాగాలేదు" అంటే మెకానిక్కు తోచినవన్నీ మారుస్తాడు, బిల్లు మనం కడతాం. "చల్లగా ఉన్నప్పుడు అయిదు నిమిషాలు వణుకుతుంది, తరువాత ఉండదు" అంటే సగం రోగం తెలిసినట్లే. బండిని ముందురోజు రాత్రే అప్పగించండి.

ఇంకొక్క మాట. బండి వేడెక్కాలని తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఉంచకండి. చల్లని ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం మాత్రం తీస్తుంది. పిల్లల్ని ముందే ఎక్కించి కూర్చోబెట్టకండి. బండిని బయటికి తీసి, ఒక్క నిమిషం ఆగి, మెల్లగా నడిపితే చాలు, దారిలోనే వేడెక్కుతుంది.

ఆ గొట్టం ఖరీదు ఆవేళ మేము కొన్న కూరగాయలకన్నా తక్కువ. ఇప్పుడు కొండ దిగేటప్పుడు మావారి చెయ్యి గేరు మీదికి పోతే చాలు, "రెండులోనే ఉంచండి" అని వెనకనుంచి నేనంటాను. ఆయనా కాదనరు.

సెలవు.