రోజూ నడిపే చిన్న కారు ఎలా ఉండాలి? షోరూమ్‌కు వెళ్లే ముందే ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయాలు

స్కూటీ మీద ముందు బాబు నిలబడి ఉంటాడు. వెనుక భార్య, ఆమె ఒళ్లో పాప. వాన మొదలైతే ఫ్లైఓవర్ కింద ఆగాల్సిందే. అమ్మీని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలంటే ఆటో కోసం రోడ్డు మీద నిలబడాల్సిందే. ఇలాంటి ఏదో ఒక సాయంత్రం చాలా ఇళ్లలో ‘‘ఇక కారు కొనాల్సిందే’’ అన్న మాట వస్తుంది.

అసలు గొడవ ఆ తర్వాతే మొదలవుతుంది. అబ్బాకు మైలేజీ కావాలి. కొడుక్కి పికప్ కావాలి. కోడలికి తాను కూడా భయం లేకుండా నడపగలిగే బండి కావాలి. అమ్మీకి మోకాళ్లు నొప్పి పెట్టకుండా ఎక్కి దిగగలిగితే చాలు. ఈ నలుగురి మాటా నెగ్గే కారు దొరుకుతుందా? చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో దాదాపుగా దొరుకుతుంది. కాకపోతే ఏది ముఖ్యం, ఏది కాదు అన్నది ముందు ఇంట్లోనే తేల్చుకోవాలి.

ఎందుకు హ్యాచ్‌బ్యాకే?

ఇప్పుడు అందరి చూపూ ఎస్‌యూవీల మీదే ఉంది. కానీ టోలీచౌకీలో ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం ఉన్నవారి రోజు ఎలా ఉంటుందో ఆలోచించండి. పొద్దున గల్లీలోంచి రివర్స్‌లో బయటకు రావాలి. ఆఫీసు దాకా ఫస్ట్, సెకండ్ గేర్లలోనే సగం దారి గడుస్తుంది. సాయంత్రం వచ్చాక ఇంటి ముందు ఉన్న కాస్త జాగాలో పెట్టుకోవాలి. కర్నూలు, గుంటూరు, నిజామాబాద్ పాత బస్తీల్లోనూ ఇదే పరిస్థితి. అక్కడ 4 మీటర్ల లోపు కారుతో ఉండే సుఖం పెద్ద బండితో ఉండదు. మారుతి స్విఫ్ట్ టర్నింగ్ రేడియస్ 4.8 మీటర్లు. అంటే ఇరుకు రోడ్డులో యూటర్న్ తీసుకోవడానికి రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ జరపాల్సిన పని చాలాచోట్ల తప్పుతుంది.

ధర కూడా కలిసొచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోల్, సీఎన్‌జీ కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఈ వ్యాసంలో చెప్పుకునే పెట్రోల్, సీఎన్‌జీ కార్లన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

నడపడంలో సరదా ఎక్కడుంది?

సరదా అనగానే స్పీడు గుర్తొస్తుంది. సిటీలో స్పీడుకు చోటెక్కడిది? రోజువారీ డ్రైవింగ్‌లో సరదా అంటే వేరు. సిగ్నల్ పడగానే బండి వెంటనే కదలాలి. గేర్ తేలిగ్గా పడాలి. స్టీరింగ్ తిప్పిన వెంటనే బండి మాట వినాలి. గతుకుల మీద నడుము పట్టేయకూడదు.

దీనికి పెద్ద ఇంజిన్ అక్కర్లేదు. బండి బరువు తక్కువ ఉంటే చాలు, చిన్న ఇంజిన్ కూడా హుషారుగా లాగుతుంది. 2024 మే నెలలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌నే చూడండి. పాతదానిలో నాలుగు సిలిండర్ల ఇంజిన్ 90 పీఎస్ ఇచ్చేది. కొత్తదానిలో మూడు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్ ఇచ్చేది 82 పీఎస్. కాగితం మీద తగ్గినట్టే. కానీ బండి బరువు 900 కిలోల పైచిలుకే కాబట్టి ట్రాఫిక్‌లో ఆ తేడా పెద్దగా తెలియదు. మైలేజీ మాత్రం పెరిగింది. కంపెనీ లెక్క ప్రకారం మాన్యువల్‌కు లీటరుకు 24.8 కిలోమీటర్లు. సిటీ ట్రాఫిక్‌లో అంత రాదు, మీ బడ్జెట్ 16 నుంచి 18 మీద వేసుకోండి.

మూడు సిలిండర్ల ఇంజిన్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాస్త వణుకు తెలుస్తుంది. అది నచ్చనివారు హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్ నడిపి చూడాలి. దానిది నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్, 83 పీఎస్. నున్నగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. టాటా టియాగో 86 పీఎస్, మూడు సిలిండర్లు. బండి గట్టిగా, రోడ్డుకు అతుక్కుని వెళ్తున్నట్టు ఉంటుంది.

టెస్ట్ డ్రైవ్‌లో ఒక చిన్న పరీక్ష చేయండి. మూడో గేర్‌లో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఫ్లైఓవర్ ఎక్కించండి. గేర్ తగ్గించకుండా మెల్లగా యాక్సిలరేటర్ తొక్కండి. బండి మూలగకుండా పైకి లాగితే రోజూ మీ కాలికి, చేతికి పని తగ్గుతుంది. లాగకపోతే ఊరికే గేర్లు మారుస్తూ ఉండాల్సి వస్తుంది.

మాన్యువలా, ఏఎంటీనా?

ఈ తరహా కార్లలో ఆటోమేటిక్ అంటే చాలావరకు ఏఎంటీయే. లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేర్ మార్చడం మన బదులు ఒక యంత్రం చేస్తుంది. అందుకే ధర తక్కువ, మైలేజీ మాన్యువల్‌కు దగ్గరగా ఉంటుంది. గేర్ మారేటప్పుడు చిన్న కుదుపు వస్తుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్ కొద్దిగా వదిలితే కుదుపు తగ్గుతుంది. వారం రోజుల్లో అలవాటైపోతుంది.

ఎక్కువ దూరం ట్రాఫిక్‌లోనే గడిపేవారికి, కొత్తగా నేర్చుకునేవారికి ఏఎంటీ మేలు. ఇంట్లో ఆడవాళ్లు అబాయా, బురఖా వేసుకుని నడిపేటప్పుడు కూడా ఒక పెడల్ తగ్గడం మంచిదే. ఏ బండి అయినా సరే, కూర్చున్నాక అంచును మోకాళ్ల కిందికి సర్దుకుని, పెడల్స్ దగ్గర వేలాడకుండా, డోర్‌లో ఇరుక్కోకుండా చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి. టెస్ట్ డ్రైవ్‌కు కూడా రోజూ వేసుకునే బట్టలతో, రోజూ వేసుకునే చెప్పులతోనే వెళ్లండి. షోరూమ్‌లో బాగుంది, ఇంటికొచ్చాక ఇబ్బందిగా ఉంది అన్న మాట అప్పుడు రాదు.

గేర్ మార్చడంలోనే మజా ఉందనుకునేవారికి మాన్యువలే బెస్ట్. ధర కూడా కలిసొస్తుంది.

అమ్మీని, సామాన్లను తీసుకునే వెళ్లండి

కారు చూడటానికి మగవాళ్లు మాత్రమే వెళ్లి బుక్ చేసి రావడం మన ఇళ్లలో మామూలే. అది మానేయండి. ఇంట్లో పెద్దవాళ్లను వెనుక సీట్లో కూర్చోబెట్టి చూడండి. కిందికి వంగి, లోపలికి జారి కూర్చోవాల్సి వస్తుందా? దిగేటప్పుడు డోర్ పట్టుకుని లేవాల్సి వస్తుందా? మోకాళ్ల నొప్పులున్నవారికి వ్యాగన్ ఆర్ లాంటి ఎత్తు కారు నిజంగా ఊరట. కుర్చీలో కూర్చున్నట్టే కూర్చోవచ్చు. నడపడంలో స్విఫ్ట్ అంత హుషారు దానికి ఉండదు, మలుపుల్లో కాస్త ఊగుతుంది. కానీ వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లాల్సిన ఇంట్లో ఆ హుషారు కన్నా ఈ సుఖమే ఎక్కువ.

డిక్కీ సంగతీ అంతే. వ్యాగన్ ఆర్‌లో 341 లీటర్ల చోటు ఉంది. స్విఫ్ట్‌లో 265, నియోస్‌లో 260, టియాగోలో 242. మడతపెట్టే వీల్‌చైరో, పిల్లల తోపుడు బండో ఉంటే షోరూమ్‌కే తీసుకెళ్లి పెట్టి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఐదుగురినీ ఎక్కించి ఒక స్పీడ్ బ్రేకర్ కూడా దాటించండి. ఖాళీ కారుకు తగలనిది నిండు కారుకు తగలొచ్చు.

సీఎన్‌జీ లెక్క

నెలకు 1000 కిలోమీటర్లు తిరిగే ఇంటి లెక్క ఇది. పెట్రోల్ లీటరు 107 రూపాయలు, మైలేజీ 18 అనుకుంటే నెలకు దాదాపు 5,950 రూపాయలు అవుతుంది. సీఎన్‌జీ కిలో 96 రూపాయలు, మైలేజీ 25 అనుకుంటే 3,840 రూపాయలు. నెలకు దాదాపు 2,100 మిగులు. సీఎన్‌జీ మోడల్‌కు 95 వేలు ఎక్కువ పెట్టారనుకోండి, ఆ డబ్బు తిరిగి రావడానికి 45 నెలలు పడుతుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగితే ఏడున్నర ఏళ్లు. అంటే తక్కువ తిరిగేవారికి సీఎన్‌జీ పెద్దగా కలిసిరాదు. పైగా పికప్ కొంత తగ్గుతుంది, బంకు దగ్గర క్యూ ఉంటుంది, మారుతి కార్లలో ఒకే పెద్ద సిలిండర్ డిక్కీని మింగేస్తుంది. టాటా, హ్యుందాయ్ రెండు చిన్న సిలిండర్లు కింద అమర్చి కొంత చోటు మిగిల్చాయి.

ఇంట్లో సొంత పార్కింగ్, ప్లగ్ పాయింట్ ఉంటే టియాగో ఈవీ కూడా చూడొచ్చు. కదలగానే పూర్తి బలం అందుతుంది కాబట్టి సిటీలో నడపడానికి సరదాగా ఉంటుంది. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ప్రకటించారు. అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్‌కు చోటు లేకపోతే మాత్రం తొందరపడొద్దు.

ఒళ్లో పాపకు ఎయిర్‌బ్యాగ్ రక్షణ కాదు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. స్విఫ్ట్, నియోస్‌లలో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు ఇస్తున్నారు. టియాగోకు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 4 స్టార్లు, కాస్త పెద్దదైన ఆల్ట్రోజ్‌కు 5 స్టార్లు వచ్చాయి. 2023 అక్టోబర్ నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాయి. మీరు కొనే మోడల్‌కు ఎన్ని స్టార్లో, ఎన్ని ఎయిర్‌బ్యాగ్‌లో డీలర్‌ను సూటిగా అడగండి. సన్‌రూఫ్ గురించి అడిగేవారే ఎక్కువ, దీని గురించి అడిగేవారే తక్కువ.

ఎన్ని ఎయిర్‌బ్యాగ్‌లున్నా సీట్ బెల్ట్ లేకపోతే అవి కాపాడవు. ముందు సీట్లో అమ్మ ఒళ్లో పసిబిడ్డ ఉండటం మనకు అలవాటైన దృశ్యం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే, 10 కిలోల బిడ్డ దాదాపు 140 కిలోల బలంతో ముందుకు దూసుకుపోతుంది. ఏ తల్లి చేతులూ అంత బరువు ఆపలేవు. పైగా తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ బిడ్డనే కొడుతుంది. పిల్లల చోటు ఎప్పుడూ వెనుక సీటే. ఐసోఫిక్స్ కొక్కేలున్న కారు తీసుకుని, చైల్డ్ సీటు బడ్జెట్‌లోనే కలుపుకోండి. అలాయ్ వీల్స్ తర్వాతైనా వేయించుకోవచ్చు.

ఇంటర్ చదివే అబ్బాయి తాళం అడిగితే ఇవ్వొద్దు. 18 ఏళ్లు నిండనివారు కారు నడిపితే యజమానికి 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని 2019లో సవరించిన చట్టం చెబుతోంది.

అప్పు చేయాలా, ఆగాలా?

5 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, 5 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 10,380 రూపాయలు. చివరికి కట్టేది 6 లక్షల 22 వేల పైమాటే. వడ్డీకే లక్షా 23 వేలు పోతుంది. వడ్డీ జోలికి వెళ్లకూడదనుకునే కుటుంబాలకు ఇంకో దారి ఉంది. అదే ఈఎంఐ మొత్తాన్ని ప్రతి నెలా పక్కన పెట్టుకుంటే మూడేళ్లలో 3 లక్షల 70 వేలు దాటుతుంది. దానితో ఒక మంచి పాత హ్యాచ్‌బ్యాక్ అప్పు లేకుండా వస్తుంది. అప్పటిదాకా కారు లేదని చిన్నబోవాల్సిన పని లేదు.

పాత కారు కొనేటప్పుడు మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది వరద నీళ్లు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. కడిగి, పాలిష్ చేసి అమ్మితే పైకి ఏమీ తెలియదు. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి చూడండి, మట్టి గీత ఉంటే అనుమానించండి. సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ కింద తేమ, ఏసీ వేయగానే ముక్కవాసన, హెడ్‌లైట్ లోపల ఆవిరి చూసుకోండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తొలగించారా, చలాన్లు బాకీ ఉన్నాయా అన్నది ఆన్‌లైన్‌లోనే తెలుస్తుంది. డబ్బు ఇచ్చిన రోజే 29, 30 ఫారాలపై సంతకాలు తీసుకోండి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరుకు మార్చుకోవడానికి అప్లై చేయండి. తెలిసిన మెకానిక్‌కు వెయ్యి రూపాయలు ఇచ్చి బండి చూపించడం దండగ కాదు.

చివరికి ఏది?

ఎక్కువగా మీరొక్కరే నడుపుతూ, నడపడం ఇష్టమైతే స్విఫ్ట్ మాన్యువల్. చప్పుడు లేని ప్రయాణం, ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే బండి కావాలంటే నియోస్. పెద్దవాళ్లు, సామాన్లు ఎక్కువైతే వ్యాగన్ ఆర్. గట్టి బండి, తక్కువ బడ్జెట్ అంటే టియాగో. ఇవి మా అంచనాలు. మీ గల్లీ, మీ జేబు, మీ ఇంట్లోవాళ్ల మోకాళ్లు వేరేమాట చెబితే వాటి మాటే వినండి.

రెండు కార్లు ఎంచుకుని, రెండూ ఒకే రోజు, ఒకే దారిలో నడపండి. వెనుక సీట్లో అమ్మీ ఉండాలి. ఇంటికొచ్చాక ముందు ఆమెనే అడగండి. జవాబు అక్కడే దొరుకుతుంది.