ముందు పడక, ఆ తరువాతే గుడారం

కుటుంబంతో తొలిసారి ఆరుబయట రాత్రి గడపాలనుకునేవాళ్ళు ముందుగా బేరమాడేది టెంటుకే. డబ్బులో సగానికి పైగా దానికే పోయాక, కింద పరుచుకోవడానికి ఇంట్లోని పాత దుప్పట్లు సర్దుకుంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వరకు ఈ వరస తలకిందులని నా అభిప్రాయం. ఇక్కడ రాత్రిపూట నిద్ర చెడగొట్టేవి నేల తేమ, పురుగూ పుట్రా, ఉక్క. మొదటి రెండింటినీ టెంటు కొంతవరకే ఆపుతుంది, మూడోదాన్ని పెంచుతుంది.

ఉక్క సంగతే చూడండి. కళింగపట్నం, భావనపాడు, బారువ తీరాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో కూడా ఒళ్ళు కొంకర్లు పోయేంత చలి ఉండదు. అయినా చాలామంది చలి దేశాల కోసం తయారైన మందపాటి, మూసుకుపోయిన టెంటే గట్టిదనుకుంటారు. మనిషి ఊపిరి, చర్మం ద్వారా రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు మనకు తెలియకుండానే ఆవిరైపోతుంది. నలుగురు ఎనిమిది గంటలు పడుకుంటే అది లీటరు దాటుతుంది. తలుపులు బిగించిన టెంటులో ఆ ఆవిరి గుడ్డ లోపలివైపు నీటిబొట్లుగా పేరుకుని తెల్లారేసరికి పక్కల మీద పడుతుంది. టెంటు కారిందని కొట్టువాణ్ణి తిట్టుకోవడం అన్యాయం. కనుక గాలి ఎదురెదురుగా ఆడేలా రెండువైపులా సన్నని జాలీ, విడిగా తీసిపెట్టుకోగల పైకప్పు ఉన్నది చాలు. ‘నలుగురి టెంటు’ అంటే నలుగురు ఒకరినొకరు ఆనుకుని పడుకునేది. సామానుతో సహా పట్టాలంటే ఆరుగురిది తీసుకోవాలి.

పడక విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. పైన ఎన్ని కప్పుకున్నా, ఒంటి కింద దుప్పటి బరువుకు నలిగి పలచబడుతుంది, నేల ఒంటి వేడిని లాగేస్తుంది. ధాన్యం మీద కప్పే టార్పాలిన్ అడుగున వేసి, దాని మీద నీళ్ళు పీల్చని ఫోమ్ చాప, ఆపైన దుప్పటి వేస్తే తేమా చలీ రెండూ ఆగుతాయి. ఊదుకునే గాలిపరుపు మెత్తగానే ఉంటుంది కానీ, లోపలి గాలి అటూ ఇటూ కదులుతూ ఒంటి వేడిని కిందకు చేరవేస్తుంది. తీరంలో దాంతో ఎలాగో గడిచిపోతుంది. పక్క జిల్లాలోని లంబసింగి, అరకు వైపు వెళితే అదే పరుపు మీద పిల్లలు వణుకుతారు.

పాములున్నచోట టెంటు లేకుండా ఎలాగని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కాటేస్తుంది, నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కూడా. అయితే దాన్ని ఆపడానికి మందపాటి గుడ్డ అక్కర్లేదు. నేపాల్ తరాయిలో జరిగిన ఒక అధ్యయనంలో దోమతెరలో పడుకునేవాళ్ళకు పాముకాటు ముప్పు తక్కువని తేలింది. అంచులు చాప కిందికి దోపిన మామూలు దోమతెర అటు మలేరియా దోమనూ ఇటు పామునూ ఆపుతుంది. జిప్పు బిగించిన జాలీ టెంటూ అంతే. ఏనుగులు తిరిగే సీతంపేట, పార్వతీపురం కొండల వైపు మాత్రం ఏ సరంజామా పనికిరాదు. అక్కడ రాత్రి బస పెట్టకపోవడమే మేలు.

వాన వస్తేనో అన్నది ఇంకో అభ్యంతరం. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న ఈ తీరాన్ని దెబ్బతీశాయి. అలాంటి గాలికి ఎంత ఖరీదైన టెంటైనా నిలవదు. అక్టోబరు, నవంబరు వదిలేసి డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి వరకు వెళ్ళడం, వెళ్ళేముందు వాతావరణ సూచన చూసుకోవడం టెంటు మీద పెట్టే అదనపు ఖర్చు కంటే ఎక్కువ కాపాడతాయి. మామూలు సముద్రపు గాలికి కూడా టెంటుతో వచ్చే సన్నని మేకులు ఇసుకలో నిలవవు. ఎరువుల సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి మూరెడు లోతున పాతిపెడితే ఊడి రావు. టెంటు తప్పనిసరి అనిపించే కారణం నాకు ఒకటే కనిపిస్తుంది: ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి చాటు. మరుగుదొడ్డి ఉన్నచోట బస ఎంచుకుంటే, దానికి చిన్నది అద్దెకు తెచ్చుకున్నా సరిపోతుంది.

అలా మిగిలిన డబ్బు తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నీళ్ళు పట్టే డబ్బాలకు, ఓఆర్‌ఎస్ పొట్లాలకు, మనిషికో టార్చికి పెట్టాలి. జనవరి నుంచి ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లని వెలుగు వాటినీ వాటి పిల్లల్నీ దారి తప్పిస్తుంది కనుక టార్చి అద్దానికి ఎర్ర కాగితం అంటించాలి, అవసరం తీరగానే ఆర్పేయాలి. సరుగుడు తోటల్లో రాలిన ఆకు ఎండి అగ్గిపుల్లకే అంటుకుంటుంది, అక్కడ పొయ్యి అసలే వద్దు. వంట గ్యాస్ స్టవ్ మీదే, అదీ బయట గాలిలో. చలికి తాళలేక స్టవ్‌నో బొగ్గుల కుంపటినో టెంటులోకి తెచ్చుకుంటే వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవాళ్ళకు అది తెలిసేలోపే ప్రాణం పోతుంది.