పసివాడి ఉక్రోషం, పెద్దల ఓర్పు

ఆదివారం ఆరాధన. మధ్యాహ్నం పన్నెండు దాటింది. వాక్యోపదేశం ముగింపుకు వస్తుండగా, వెనుక చాపల మీద మూడేళ్ల బాబు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటూ ఏడుపు మొదలుపెట్టాడు. కారణం చిన్నదే. నీళ్ల సీసా మూత తానే తీయాలనుకున్నాడు, రాలేదు. ఈలోగా అక్క లాక్కుని తీసి ఇచ్చేసింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. తల్లి ముఖం చిన్నబోయింది. బాబు వీపు మీద ఒక దెబ్బ వేసి, ఎత్తుకుని బయటకు నడిచింది. మళ్లీ లోపలికి రాలేదు.

ఇలాంటి దృశ్యం ఏ సంఘానికీ కొత్త కాదు. అలా వెనక్కి తిరిగి చూసినవాళ్లలో మేమూ ఉన్నాం. మన చూపు ఆ పసివాడికి ఏమీ నేర్పలేదు. తల్లికి మాత్రం "నీకు పిల్లల్ని పెంచడం రాదు" అని చెప్పింది. అందుకే ఈ విషయం గురించి కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

మొదట ఒక మాట. రెండు, మూడేళ్ల పిల్లవాడి కోపం తిరుగుబాటు కాదు. తనను తాను ఆపుకోవడానికి తోడ్పడే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి సుమారు పాతికేళ్లు పడుతుంది. పసివాడికి కోరిక పెద్దది, చేతికి నేర్పు తక్కువ, నోటికి మాటలు ఇంకా తక్కువ. చేయాలనుకున్నది చేయలేక, చెప్పాలనుకున్నది చెప్పలేక లోపల పొంగేదాన్ని మన తెలుగులో ఎంత చక్కగా 'ఉక్రోషం' అన్నారు! ఆ బాబుది అదే. అది అక్క మీద పగ కాదు, అమ్మ మీద ధిక్కారం కాదు.

1931లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త ఫ్లోరెన్స్ గుడినఫ్ చిన్నపిల్లల కోపం గురించి ఒక పుస్తకం ప్రచురించారు. తల్లులు తమ ఇళ్లలో రోజువారీగా రాసిపెట్టిన వివరాలే దానికి ఆధారం. ఇలాంటి ఏడుపులు రెండో ఏట ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతాయనీ, భోజనానికి ముందూ, నిద్రవేళ దగ్గరపడినప్పుడూ పిల్లలకు కోపం తేలిగ్గా వస్తుందనీ ఆమె గమనించారు. ఇప్పుడు మన ఆరాధన సమయం చూడండి. ఉదయం హడావిడిగా రెండు ముద్దలు తిని వచ్చిన పిల్లవాడు ఒంటిగంట దాకా ఒకే చోట కూర్చోవాలి. వాడికి ఆకలి వేళా అదే, కునుకు వేళా అదే. తప్పు వాడిదా?

కాబట్టి కోపాన్ని అణచడం కన్నా ముందు చూసుకోవలసినవి కడుపు, నిద్ర. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదనీ, తక్కువైతే మరీ మంచిదనీ అదే సూచనల్లో ఉంది. ఏడ్చిన ప్రతిసారీ చేతికి ఫోన్ ఇస్తే ఏడుపు ఆగుతుంది, నిజమే. కానీ కోపం వస్తే ఏం చేయాలో మాత్రం వాడు నేర్చుకోడు. ఏడిస్తే ఫోన్ వస్తుందని నేర్చుకుంటాడు.

మరి ఆ క్షణంలో ఏం చేయాలి? ముందు వాడికి గానీ, పక్కవారికి గానీ దెబ్బ తగలకుండా చూడాలి. తర్వాత వాడి ఎత్తుకు వంగి కూర్చుని, తగ్గు గొంతుతో, ఒకటి రెండు మాటలే చెప్పాలి. "మూత నువ్వే తీయాలనుకున్నావు కదా నాన్నా, అక్క తీసేసింది. కోపం వచ్చింది." అంతే. పూనకంలా ఏడుస్తున్న పిల్లవాడికి నీతి ఎక్కదు. లోపలి అలజడికి ఎవరైనా పేరు పెడితే, దాన్ని పట్టుకోవడం వాడికి కొంత తేలికవుతుంది. ఆదికాండము నాలుగో అధ్యాయంలో దేవుడు కయీనును మొదట అడిగింది కూడా, నీకు కోపమెందుకు వచ్చిందనే. హెచ్చరిక ఆ తర్వాతే వచ్చింది.

పేరు పెట్టడమంటే లొంగిపోవడం కాదు. "కోపం రావచ్చు, అక్కను కొట్టకూడదు" అనే గీత ప్రతిరోజూ ఒకేచోట ఉండాలి. అమ్మ కాదన్నదాన్ని నానమ్మ ఇస్తే, నిన్న కాదన్నదాన్ని ఇవాళ ఇస్తే, గట్టిగా ఏడిస్తే చాలని వాడికి అర్థమవుతుంది.

అసలు నేర్పు మాత్రం ఏడుపు ఆగాకే. కడుపు నిండి హాయిగా ఉన్నప్పుడు ఆటలా నేర్పండి. వేడివేడి పాలు ఊదినట్టు మెల్లగా ఊపిరి వదలడం, "నాకు రావట్లేదు, సాయం చెయ్యి" అనే మాట, కోపం వస్తే వెళ్లి కూర్చోవడానికి ఒక దిండు. పదిసార్లు ఆడుకుంటే పదకొండోసారి నిజంగా కోపం వచ్చినప్పుడు గుర్తు రావచ్చు.

ఇక దెబ్బల సంగతి. "బెత్తం గురించి బైబిలులోనే ఉంది కదా" అనేవాళ్లు మన మధ్య చాలామంది. వాళ్లు ఎఫెసీ 6:4, కొలొస్సీ 3:21 కూడా చదవాలి. పిల్లలకు కోపం రేపవద్దనీ, వాళ్ల మనసు కుంగిపోతుందనీ పౌలు హెచ్చరించింది తండ్రులనే. బడుల్లో శారీరక దండననూ మానసిక వేధింపునూ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. బడిలో కూడనిది మన సండేస్కూల్లో ఎలా కూడుతుంది? మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. కానీ మొక్కను గుంజకు కట్టి వంచుతారే తప్ప విరవరు. కోపంతో కొట్టే చేయి, కోపం వస్తే కొట్టాలనే నేర్పుతుంది.

పెద్దలం మనమూ అదుపు తప్పుతాం. అప్పుడు "నాన్న అరిచాడు, అది తప్పు, ఇంకోసారి నెమ్మదిగా చెప్తా" అని పిల్లవాడి ముందు ఒప్పుకుంటే గౌరవం తగ్గదు. తప్పును దిద్దుకోవడం ఎలాగో వాడు చూస్తాడు.

కొందరి విషయంలో ఇది చాలదు. ఐదేళ్లు దాటినా ఏడుపులు తగ్గకపోయినా, తలను గోడకు బాదుకుంటున్నా, మాటలు ఆలస్యమైనా, వినికిడి మీద అనుమానమున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి. వినపడని పిల్లవాడి ఉక్రోషాన్ని మొండితనమనుకోవడం ఎంత అన్యాయం! ప్రార్థన చేద్దాం, డాక్టరు దగ్గరకూ తీసుకెళ్దాం. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదనుకోవద్దు.

చివరగా సంఘంగా మనం చేయగలిగినవి ఉన్నాయి. వెనుక ఒక మూల చాప, నాలుగు బొమ్మలు, మంచినీళ్లు, అరటిపళ్లు పెట్టవచ్చు. ప్రేమవిందులో చిన్నపిల్లలకు ముందుగా వడ్డించవచ్చు. పిల్లవాడు ఏడ్చినప్పుడు తలలు తిప్పే బదులు, పెద్దావిడ ఒకరు లేచి వెళ్లి, "నువ్వు కూర్చో అమ్మా, కాసేపు నేను ఎత్తుకుంటా" అనవచ్చు. ఆ రోజు ఆ తల్లితో ఈ ఒక్క మాట అనివుంటే, ఆమె బయట మెట్ల మీద కూర్చునేది కాదు. వచ్చే ఆదివారం ఆమె వస్తే, ఆ మాట అనడానికి మనలో ఒకరం సిద్ధంగా ఉందాం.