మెల్లకన్ను – తల్లి కర్తవ్యము

శిశువునకు మెల్లకన్ను కానవచ్చినచో “అదృష్టచిహ్న” మని మన యిండ్లలో వృద్ధులు సంతోషింతురు. పెరిగినకొలది దానంతటదియే సరిపడునని మఱికొందఱందురు. తలయెముకల వైకల్యముతో జన్మించిన బిడ్డలయెడ నీ రెండు మాటలును మిక్కిలి కీడు చేయును గాన, వారినిగూర్చి సోదరీమణులకు కొంత విన్నవించుచున్నాము.

శిశువు పుఱ్ఱె యొకే యెముక గాదు. పెక్కు పలకల కూర్పు. వాని నడుమనుండు అతుకులు మెదడు పెరుగుటకు చోటొసగును. కొందఱు శిశువుల కవి యకాలమున గట్టిపడును. అప్పుడు తల యాకారము మాఱును. కనుగుంటలు లోతు చాలక కన్నులు వెలికి నుబుకును. 1906లో అపేర్, 1912లో క్రూజోన్ అను ఫ్రెంచి వైద్యులు వర్ణించిన వ్యాధు లిట్టివే. వీనికి కారణము జన్యువునందలి మార్పే కాని తల్లి చేసిన దోషము గాదు. 1967లో పాల్ టెస్సియే అను ఫ్రెంచి శస్త్రవైద్యుడు రోము నగరమున తన పద్ధతిని వెల్లడించిన పిదప నీ యెముకలను దిద్దు చికిత్స వ్యాపించినది.

కంటిని త్రిప్పు కండరములు ఆఱు. కనుగుంట యొరిగియున్నచో వాని లాగుడును వంకరయగును. కొందఱిలో నొకటి రెండు కండరములు లేకపోవుటయు గలదు. అందుచే తఱచుగా బిడ్డ పైకి చూచునపుడు కన్నులు ఎడమగును; క్రిందికి చూచునపుడు దగ్గఱయగును.

యెముకలు దిద్దినంతనే చూపు కుదురునని తలపరాదు. ఆ చికిత్స పిమ్మట మెల్ల నిలువవచ్చును, మాఱవచ్చును, క్రొత్తగా కలుగనువచ్చును. కావుననే కండరముల శస్త్రచికిత్సను కనుగుంటలు దిద్దిన పిదప చేయుటకు వైద్యులు తఱచు మొగ్గుదురు.

అయితే కండరముల చికిత్స ఆగవచ్చును గాని చూపు ఆగదు. కన్నులు రెండు దిక్కుల చూచినచో మెదడు రెండు బొమ్మలను సహింపక యొకదానిని త్రోసిపుచ్చును. అట్లు విడువబడిన కన్ను నానాటికి మందగించును. ఏడెనిమిదేండ్లలోపు దీనిని దిద్దుట సులభము, ఆపై దుర్ఘటము. దీనికి కంటియద్దములును, మంచికంటికి పట్టీ వేసి మందకంటిచే పనిచేయించుటయు సాధనములు. పట్టీ యెన్ని గంటలు వేయవలయునో నేత్రవైద్యుడు చెప్పును. బిడ్డ యేడ్చును, పెరికివేయును. అపుడు బొమ్మలపుస్తక మెదుటనుంచి, కథ చెప్పుచు మరపింపవలయును. ఇది వైద్యుడు చేయునది గాదు. దినదినము తల్లి చేయవలసినది.

వేలకువేలు వెచ్చించి ముఖము దిద్దించి, పట్టీయెడ నుపేక్షచే చూపు గోలుపోవుట యెంత శోచనీయము! తలయెముకలను దిద్దు వైద్యుని చూచిననాడే నేత్రవైద్యునికిని బిడ్డను చూపుడు. శస్త్రచికిత్స ముగిసిన పిమ్మటను ఆ పరీక్ష మానకుడు.