ఎల్లమాస బజ్జి... దర్శకత్వం: అమ్మ!

‘మాయాబజార్’ చూడని తెలుగువాడుంటాడా? 1957లో వచ్చిన ఆ సినిమాలో ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావు పెళ్లి విందంతా ఒక్కడే లాగించేస్తుంటే, హాల్లో కూచున్న మన నోళ్లు కూడా ఊరాయి. లడ్డూలు చూశాం, గారెలు చూశాం. పొయ్యి దగ్గర గరిటె తిప్పిన చేతుల సంగతి మాత్రం మనకెందుకు?

నేనూ ముప్పయ్యేళ్లు దాటేదాకా అలాంటి ప్రేక్షకుణ్ణే! మొన్నటి ఎల్లమాసకు తొలిసారి గరిటె పట్టాల్సి వచ్చింది. పండక్కి వారం ముందు అమ్మ వాకిట్లో జారి పడింది. కుడి చేతికి కట్టు. “ఈ యేడు బజ్జి లేదు తియ్యి” అని ముసుగు పెట్టి పడుకుంది. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ మాట మా ఇంట్లో వినలేదు. “నువ్వు చెప్పు, నేను చేస్తా” అన్నాను. అమ్మ ముసుగు తీసి నన్ను ఎగాదిగా చూసింది. కొత్త హీరోని మేకప్ టెస్టుకి పిలిచిన నిర్మాత చూపు అది!

ఇంతకీ ఏమిటీ బజ్జి?

మిరపకాయ బజ్జి అనుకునేరు! ఇది వేరు. మా బొంరాస్‌పేట వైపు కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం లేదు. పక్కనున్న కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రాలు మారాయి, జిల్లాలు మారాయి (2016 నుంచి మాది వికారాబాద్ జిల్లా), పండుగ మాత్రం మారలేదు. మార్గశిర మాసం చివర వచ్చే అమావాస్యే ఎల్లమాస. కన్నడంలో ‘ఎళ్లు’ అంటే నువ్వులు. అప్పటికి యాసంగి జొన్న ఏపుగా ఉంటుంది. భూదేవిని కడుపుతో ఉన్న ఆడబిడ్డగా తలచి, ఇంట్లో వండినవన్నీ గంపకెత్తుకుని చేనుకి పోతారు. అయిదు రాళ్లు నిలబెట్టి పాండవులని మొక్కి, నైవేద్యం చేనంతా చల్లి, ఆ తర్వాత చెట్టుకింద అందరూ కలిసి తింటారు. నువ్వులద్దిన సజ్జ రొట్టె, జొన్న అంబలి, వాటి మధ్య హీరో... బజ్జి! ఆ రుతువులో దొరికే గింజ, కాయ, ఆకు అన్నీ ఒకే గంజులో ఉడికే కూర అన్నమాట.

సరుకుల వేట

అమ్మ లిస్టు చెప్పింది: పచ్చి కంది, అనపగింజలు, పచ్చి శనగ, బటానీ, పల్లీలు, తలా ఓ గుప్పెడు. వంకాయ, చిక్కుడు, ఆలుగడ్డ, గాజర్. పాలకూర, మెంతికూర, ఉల్లాకు తలా ఓ కట్ట. పది పచ్చిమిరపకాయలు, ఎల్లిగడ్డ, నిమ్మకాయంత చింతపండు, నాలుగు చెంచాల శనగపిండి.

అంగడికి పోతే గాజరూ బటానీ బుట్టలకొద్దీ ఉన్నాయి. పచ్చి కంది లేదు, అనపకాయ లేదు! తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేల మాది. ఒకప్పుడు మా చేనులోనే జొన్న మధ్య కంది సాళ్లు, గట్టున అనప తీగ. నడుస్తూ తెంపుకుంటే చాలు, బజ్జికి సరిపోయేది. ఇప్పుడు కౌలుకిచ్చిన మా చేను నిండా పత్తి! పత్తి డబ్బు తెస్తుంది, కాదనను. గంజులోకి మాత్రం రాదు కదా!

ఖాళీ చేతుల్తో వస్తున్న నన్ను చూసి పక్కింటి పెద్దమ్మ సంగతేమిటని అడిగింది. సాయంత్రానికి కొంగునిండా అనపకాయలు, కందికాయలు తెచ్చి మా అరుగుమీద పోసింది.

ఇంటర్వెల్ గండం

తెల్లారి అమావాస్య. అమ్మ మంచం వంటింటి గడప దగ్గర వేయించుకుంది. గింజలు నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాను. పొంగు రాగానే, తెలివి ఎక్కువై, చింతపండు రసం కూడా గుమ్మరించేశా!

“అయ్యో! గింజ మెత్తవడకముందే పులుపు పోస్తవేందిర? పులుపు తాకితే గింజ ఉడుకదు” అంది అమ్మ. నిజమే... అరగంట గడిచినా గింజ రాయిలాగే ఉంది. నా మొహం చూసి అమ్మకి నవ్వొచ్చింది. పెద్దమ్మ ఇచ్చిన కాయలు సగం మిగిలాయి గనక బతికిపోయాను!

రెండో టేకు. ముందు గింజలు; అవి వేళ్లమధ్య నలిగాక కూరగాయ ముక్కలు; ముక్క మెత్తబడ్డాక ఆకుకూర, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు. శనగపిండి చల్లటి నీళ్లలో కలిపి పోయాలి. వేడి గంజులో పొడిగా చల్లితే ఉండలు కడుతుంది. చిక్కబడ్డాక పప్పుగుత్తితో సగమే మెదపాలి, గింజలు పంటికి తగలాలి. చింతపండు రసం అప్పుడు! పది నిమిషాలు ఉడికాక జీలకర్ర, ఎల్లిగడ్డ, ఎండుమిర్చి పోపు. ఆ ఘుమఘుమకి వీధి కుక్క కూడా గుమ్మం దగ్గర కూచుంది!

గంప నేనే మోశాను. పత్తి చేనులోనే అయిదు రాళ్లు పెట్టాం. ఎడమ చేత్తో అమ్మ బజ్జి చల్లింది. తర్వాత రొట్టెముక్కలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నా గుండె తొలిరోజు తొలి ఆట నిర్మాత గుండెలా కొట్టుకుంది.

“ఉప్పు జర తక్కువైంది” అంది. ఆగి, “ఇంకింత ఎయ్యి” అని పళ్లెం చాపింది.

కౌలుదారుతో మాట్లాడాను. వచ్చే వానాకాలం గట్టు వెంబడి రెండు సాళ్లు కంది, అనప వేయడానికి ఒప్పుకున్నాడు. విత్తనం ఖర్చు నాదే. ఇక మీ సంగతి... మీ అమ్మ చేతి పండగ వంట ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆమె చెయ్యి బాగున్నప్పుడే పక్కన కూచుని నేర్చుకోండి. టిక్కెట్టు లేదు, హౌస్‌ఫుల్ బోర్డు అంతకన్నా లేదు!