బందరు పోర్టు: ఎవరి పని, ఎవరి పూచీ?

బందరు (మచిలీపట్నం) పోర్టుకు 2008లో శంకుస్థాపన జరిగింది. 2019 ఫిబ్రవరిలో మరో ప్రభుత్వం పనులు మొదలుపెట్టింది. అదే ఏడాది ఆగస్టులో, సర్కారు మారాక, నిర్మాణ సంస్థతో ఒప్పందం రద్దయింది. 2023 మేలో తపసిపూడి దగ్గర పనులకు మళ్లీ ప్రారంభోత్సవం జరిగింది. ఇదంతా పార్టీల పంతమేనని సరిపెట్టుకుంటాం గానీ, అసలు లోపం అధికారాల పంపకంలో ఉంది. మేజర్ పోర్టులు కేంద్రానివి. మిగతావి ఉమ్మడి జాబితాలో ఉన్నా వాటిని నడిపేది రాష్ట్రాలే. బందరు ఈ రెండో కోవలోది. భూసేకరణ, ఒప్పందం రాష్ట్రం పని. తీరప్రాంత అనుమతి, రైలుమార్గం, పుణె నుంచి బందరు దాకా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి కేంద్రానివి. భూవినియోగ ప్రణాళికను రాష్ట్రం ఏర్పరచిన మచిలీపట్నం పట్టణాభివృద్ధి సంస్థ (ముడా) చూస్తుంది. పోర్టుతో పెరిగే జనానికి మంచినీళ్లు, వీధులు, చెత్త సంగతి మాత్రం మంగినపూడి లాంటి పంచాయతీలు, బందరు కార్పొరేషన్ చూసుకోవాలి. పదిమందిలో పాము చావదన్నట్టు, ఎవరి ముక్క వారు చేసినా మొత్తానికి పూచీ పడేవారు లేరు.

రాజ్యాంగం దీనికి దారి చూపకపోలేదు. 74వ సవరణతో వచ్చిన 243జెడ్‌డి అధికరణ ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళికా సంఘం ఉండాలి. అందులో కనీసం ఐదింట నాలుగు వంతుల మందిని జిల్లా పరిషత్తు, పురపాలక సంఘాల సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలి. పల్లె, పట్నం ప్రణాళికలను కలిపి జిల్లాకు ఒకే ముసాయిదా తయారుచేయడం దాని పని. పోర్టు, డెల్టా శివారు భూముల మురుగునీటి పారుదల, 1977 ఉప్పెన చూసిన దివిసీమ రక్షణ ఒకే కాగితం మీదికి రావలసింది అక్కడే.

ఇంతమందిని అడుగుతూ కూర్చుంటే పని సాగదనేవారున్నారు. కానీ పైన చెప్పిన రద్దుకూ పునఃప్రారంభాలకూ పంచాయతీలు కారణం కాదు. నిర్ణయమంతా రాజధానిలో ఉన్నందువల్లే ప్రభుత్వంతోపాటు ఒప్పందమూ మారింది. స్థానిక సంస్థలకు అంత సామర్థ్యం లేదన్నది మరో అభ్యంతరం. అది కొంత నిజమే. అయితే కేరళ 1996లో ప్రణాళికా నిధుల్లో 35–40 శాతం స్థానిక సంస్థలకు ఇవ్వాలని నిర్ణయించి, బాధ్యత అప్పగిస్తూనే శిక్షణా ఇచ్చింది. డబ్బూ సిబ్బందీ ఇవ్వకుండా చేతకాదనడం న్యాయం కాదు.

పోర్టును రాష్ట్రమే కట్టాలి, రైలును కేంద్రమే వేయాలి. కానీ జిల్లా ప్రణాళికా సంఘం ముందు ఆ రెండు ప్రభుత్వాలూ గడువులు చెప్పి, లెక్క అప్పగించాలి. పోర్టు ఆదాయంలో చుట్టుపక్కల పంచాయతీలకు చట్టబద్ధమైన వాటా ఉండాలి. ఓటు అడగవచ్చే ప్రతి అభ్యర్థినీ కృష్ణా జిల్లా ఓటర్లు ఈ రెండు మాటలూ అడగాలి.